నాగుల్ మీరా పదకొండు కాపురాలు

గుండ్లవాగు సిమెంటు ఫ్యాక్టరీలో తయారైన సిమెంటుతో చుట్టుపక్కల మూడు జిల్లాల్లో వంతెనలు కట్టారు, నీళ్ళ ట్యాంకులు కట్టారు. వాటిలో ఒక్కటీ కారిన పాపాన పోలేదు. కారేవల్లా ఆ ఫ్యాక్టరీ ఉద్యోగుల క్వార్టర్లే.

అందువల్ల ఎవరూ పెద్దగా ఇబ్బంది పడ్డదీ లేదు. కాలనీలో మరమ్మతుల సెక్షన్ ఒకటుండేది. పంపు కారినా, తలుపు బిగిసినా, స్లాబు చెమర్చినా ఒక చీటీ రాసి పడేస్తే మర్నాడు మనిషి వచ్చేవాడు. తాపీ పనికి నాగుల్ మీరా వచ్చేవాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కాలనీ కప్పులన్నీ అతను ఎక్కి దిగినవే. ఏ ఇంట్లో ఏ మూల నెర్రె ఉందో, అది ఏ నెలలో నోరు తెరుస్తుందో ఆ ఇంటివాళ్ళ కంటే అతనికే బాగా తెలుసు.

ఈ ఏర్పాటులో లోపం ఎవరికీ కనబడలేదు. సర్వోత్తమరావు గారు కొత్త జనరల్ మేనేజరుగా వచ్చాక కనబడింది. ఆయన ఎక్కడో కొండ మీద జరిగిన మూడు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్ళి, మనిషన్నవాడు తన ఇంటి పంపు తాను బిగించుకోలేకపోతే తన మనసును కూడా బిగించుకోలేడని తెలుసుకుని వచ్చారు. వచ్చిన మూడో నాడే సర్క్యులరు వచ్చింది. దాని పేరు ‘స్వహస్త సంకల్పం’.

సర్క్యులరును టైపు చేసింది ఎస్టేట్ సెక్షన్‌లో సీనియర్ గుమాస్తా తాళ్ళూరి కోటిలింగం. క్వార్టర్ల కేటాయింపు ఫైళ్ళు ఆయన చేతిలోనే ఉంటాయి. నొసట విభూతి, చొక్కా జేబులో కళ్ళజోడు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఎస్టేట్ ఆఫీసర్ పరాంకుశం గారు అటూ ఇటూ పచార్లు చేస్తూ చెబుతుంటే కోటిలింగం టైపు కొట్టాడు.

“ఇందుమూలముగా సమస్త నివాసులకూ తెలియజేయునది ఏమనగా, ఇకపై ఇంటి పని ఏదైననూ ఆ ఇంటి కేటాయింపు ఎవరి పేరున ఉన్నదో ఆ నివాసి మాత్రమే స్వహస్తములతో చేసుకొనవలెను. మరమ్మతుల సిబ్బందిని నేటి నుండి ‘ప్రేరకులు’ అని వ్యవహరించవలెను. ప్రేరకుడు నివాసి పక్కన నిలబడి ఉత్సాహపరచవలెనే గాని, పరుల ఇంట పనిముట్టు ముట్టరాదు, సాంకేతిక సలహా ఇయ్యరాదు...”

కోటిలింగం వేళ్ళు ఆగాయి. “సలహా కూడా వద్దా సార్?”

“సలహా ఇస్తే అది పరాధీనం అవుతుందయ్యా! స్ఫూర్తి దెబ్బతింటుంది.”

“మరి ప్రేరకుడు ఏం మాట్లాడాలి సార్?”

పరాంకుశం గారు దానికీ ఏర్పాటు చేశారు. ప్రేరకులందరికీ ఒక కార్డు అచ్చువేసి ఇచ్చారు. అందులో మూడు వాక్యాలున్నాయి. ‘బాగుందండీ.’ ‘ఇంకా బాగా చేయండి.’ ‘మీ వల్ల అవుతుందండీ.’ నాలుగో వాక్యం మాట్లాడినవాడికి మెమో.

ఇంటింటికీ ఒక పసుపు పెట్టె ఇచ్చారు. అందులో తాపీ, స్పానరు, సుత్తి, స్క్రూడ్రైవరు, జనరల్ మేనేజరు గారి సందేశం ఉన్నాయి. పని అయ్యాక పనిముట్టుతో నవ్వుతూ ఫోటో తీయించుకుని ఆఫీసుకు పంపాలి. ఫోటో చూసి సర్టిఫికెట్ ఇస్తారు. పంపు కారడం ఆగిందా లేదా అన్నది సర్టిఫికెట్‌లో ఉండదు. పని జరిగింది అని మాత్రం ఉంటుంది.

మొదటి నెల సరదాగానే గడిచింది. అకౌంటెంట్ వీరభద్రం వంటింటి పంపు బిగిస్తే నీళ్ళు స్నానాలగదిలో వచ్చాయి. ఆయన భార్య పోనీలే అనుకుని గిన్నెలు అక్కడే తోమడం మొదలుపెట్టింది. లాబొరేటరీ కెమిస్టు పడకగది తలుపు బాగుచేస్తే అది బయటినుంచి మాత్రమే తెరుచుకునే తలుపయింది. ఆయన రోజూ పొద్దున్నే కిటికీలోంచి పక్కింటివాళ్ళను కేకేసేవాడు. ఇద్దరికీ ప్రథమ శ్రేణి సర్టిఫికెట్లు వచ్చాయి.

మరో నెలకు అనుబంధ సర్క్యులరు వచ్చింది. శరీరమే మనిషికి మొదటి ఇల్లు కాబట్టి మంగలి కూడా ప్రేరకుడే అన్నారు. కాలనీలో మగవాళ్ళంతా ఎండాకాలం పోయాక కూడా టోపీలు పెట్టుకుని తిరిగారు. ఆ వెనకే గుడి పూజారిగారు కూడా ప్రేరకుడయ్యారు. ఎవరి మంత్రం వారే చదువుకోవాలి, ఆయన గర్భగుడి గుమ్మంలో నిలబడి “బాగుందండీ” అనాలి. కోటిలింగానికి ఇది కొంచెం ఆలోచన పెట్టింది. దేవుడికి మన గొంతు వినబడాలన్న మాట నిజమే. కానీ తనకొచ్చిన నాలుగు శ్లోకాల్లో రెండు సగంలోనే మరిచిపోతాడు. ఆ మిగతా సగం ఎవరు చెప్పాలి? ఎవరినీ అడగలేక తనలోనే ఉంచుకున్నాడు.

ఆ సంవత్సరం దసరాకు కోటిలింగం భార్య శేషారత్నం పన్నెండేళ్ళ దీక్ష పూర్తవుతుంది. ఏటా నవరాత్రుల్లో పాడ్యమి నాడు అఖండ దీపం వెలిగించి, తొమ్మిది రోజులూ ఆరకుండా కాపాడి, దశమి నాడు అమ్మవారికి చెప్పుకుని సాగనంపేది. పన్నెండేళ్ళ కిందట కోటిలింగానికి కామెర్లు ముదిరి డాక్టర్లు తల అడ్డంగా ఊపినప్పుడు మొక్కుకున్న మొక్కది. పదకొండేళ్ళు ఒక్కసారైనా ఆ దీపం రెపరెపలాడింది లేదు. దీక్ష మధ్యలో దీపం ఆరితే లెక్క మళ్ళీ ఒకటినుంచి. శేషారత్నానికి ఇప్పుడు యాభై నాలుగు.

పాడ్యమి నాడు దీపం వెలిగింది. విదియ నాడు వాన పట్టింది. తదియ పొద్దున కప్పునుంచి ఒక చుక్క సరిగ్గా దీపపు కుంది అంచు మీద పడింది. చుయ్ మంది.

“ఏవండీ!” శేషారత్నం వేసిన కేకకు కోటిలింగం స్నానం మధ్యలోంచి వచ్చాడు. “గొడుగు తెండి! గొడుగు!”

గొడుగు పట్టారు. కోటిలింగం తువ్వాలు మీదే గంటసేపు అమ్మవారి ముందు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. చుక్క చుక్కకీ గొడుగు మీద టప్పు టప్పుమంటోంది.

“ఇట్టా ఎన్నాళ్ళు పడతారు?” అంది శేషారత్నం. “మీరాను పిలవండి.”

“పిలిస్తే వస్తాడు. ముట్టుకోడు.”

“ముట్టుకోనివాడు వచ్చి ఏం చేస్తాడు?”

“బాగుందంటాడు.”

కుందిని పక్కకు జరపడానికి ఆమె ఒప్పుకోలేదు. పెట్టిన చోట తొమ్మిది రోజులు ఉంటుందని మొక్కు. గొడుగును రెండు కుర్చీలకు కట్టి, కోటిలింగం పసుపు పెట్టె తీసుకుని కప్పెక్కాడు. వాన కాస్త తెరిపిచ్చింది. నాగుల్ మీరా వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి, గడ్డం నెరిసింది, చేతులు మాత్రం తాపీ పిడి పట్టీ పట్టీ దాని ఆకారంలోకే వంగిపోయాయి. ఆ చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

కోటిలింగం, దీపం ఎక్కడుందో అంచనా వేసుకుని, సరిగ్గా దానిపైన స్లాబును సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు.

నాగుల్ మీరా నోరు తెరిచాడు. మూశాడు. జేబులోంచి కార్డు తీసి చూసుకున్నాడు. “బాగుందండీ,” అన్నాడు నీరసంగా.

“నెర్రె ఇక్కడేనా మీరా?”

“ఇంకా బాగా చేయండి.”

“ఇక్కడ కాదా?”

మీరా ఆకాశం వంక చూశాడు. చంకలోని చేయి ఒకటి దానంతట అదే బయటికొచ్చి పిట్టగోడ మొదలు వైపు చూపబోయింది. కింద రోడ్డు మీద పరాంకుశం గారి జీపు హారను మోగింది. చేయి మళ్ళీ చంకలోకి పోయింది. “మీ వల్ల అవుతుందండీ,” అన్నాడు మీరా. అంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కోటిలింగం సిమెంటు కలిపాడు. నీళ్ళు ఎక్కువై సిమెంటు పాయసంలా అయింది. పోశాడు. తాపీతో సాపు చేశాడు. ఫోటో దిగాడు. సాయంత్రానికి ప్రథమ శ్రేణి సర్టిఫికెట్ వచ్చింది. దానితో పాటే వానా వచ్చింది. పొద్దున ఒక చోట కారిన కప్పు ఇప్పుడు మూడు చోట్ల కారింది. రెండో గొడుగు వీరభద్రం ఇంటినుంచి, మూడోది గుడినుంచి తెచ్చారు.

చవితి నాడు కోటిలింగం పరాంకుశం గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సార్, నావల్ల కాలేదు సార్. ఒక్క పూట మీరాను ముట్టుకోనివ్వండి.”

“సర్క్యులరులో అశక్తులకు వెసులుబాటు ఉందయ్యా. పదకొండో పేరా. అశక్తత నిర్ధారణ సంఘం ముందు పరీక్ష జరగాలి.”

“చేయండి సార్. నేను తప్పకుండా తప్పుతాను.”

పరాంకుశం గారు ఫైలు తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, జాలిగా తలాడించారు. “నిన్ననే నీకు ప్రథమ శ్రేణి వచ్చింది. ఫోటోలో నవ్వు కూడా బాగుంది. ప్రథమ శ్రేణి నివాసి అశక్తుడని సంఘం ఎట్లా నిర్ధారిస్తుంది? నిర్ధారిస్తే సదరు సర్టిఫికెట్ తప్పవుతుంది. సర్టిఫికెట్ తప్పయితే సంతకం పెట్టిన నేను తప్పవుతాను. అది సాధ్యమా?”

“సాధ్యం కాదు సార్.”

“వెళ్ళి ఇంకా బాగా చెయ్యి.”

కోటిలింగం తన బల్ల దగ్గరికొచ్చి కూలబడ్డాడు. ఎదురుగా కేటాయింపుల రిజిస్టరు ఉంది. ఇరవై ఏళ్ళుగా తాను రాస్తున్న రిజిస్టరు. మనసు పని చేయకపోతే చేతులకైనా పని చెబుదామని పేజీలు తిప్పాడు. పరస్పర మార్పిడి అన్న పేజీ దగ్గర చేయి ఆగింది. కాలనీలో ఇది మామూలే. ఒకరికి బడి దగ్గర ఇల్లు కావాలి, ఇంకొకరికి మెట్లు లేని ఇల్లు కావాలి. ఇద్దరూ ఒప్పుకుని దరఖాస్తు పెడితే ఇళ్ళు మార్చి ఆర్డరిస్తారు. ఎవరూ కాదనరు, కారణం కూడా అడగరు.

‘కేటాయింపు ఎవరి పేరున ఉన్నదో ఆ నివాసి మాత్రమే.’ తాను టైపు కొట్టిన వాక్యమే.

మధ్యాహ్నానికల్లా దరఖాస్తు తయారైంది. సి-47లో ఉంటున్న కోటిలింగం, ఏ-12లో ఉంటున్న నాగుల్ మీరా పరస్పర అంగీకారంతో ఇళ్ళు మార్చుకుంటున్నారు. పరాంకుశం గారు పైనుంచి కిందికి చదివారు. మూడు గదుల ఇల్లు ఇచ్చి గదిన్నర ఇల్లు పుచ్చుకునే వెర్రివాడిని ఆయన ఇంతవరకూ చూడలేదు. అయినా రూలులో ఎక్కడా అడ్డం కనబడలేదు. సంతకం పెట్టారు.

మూడు గంటలకు నాగుల్ మీరా నులకమంచం, ట్రంకుపెట్టె, రెండు కోళ్ళు, భార్య బీబీజాన్‌తో సహా సి-47లో గృహప్రవేశం చేశాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, దీపం వంక చూసి, గొడుగుల వంక చూసి, మాట్లాడకుండా మెట్లెక్కాడు. కోటిలింగం వెనకే వెళ్ళాడు.

“ఇప్పుడు మాట్లాడొచ్చా అండీ?” అన్నాడు మీరా కప్పు మీద.

“నీ ఇల్లు మీరా. నీ ఇష్టం.”

“అయితే చెబుతున్నా వినండి. ఏంది బాబూ మీరు చేసిన పని! కారేది ఇక్కడయితే పగిలేది కూడా ఇక్కడే అనుకున్నారా? నీళ్ళు స్లాబులో నడిచొస్తయి. అదుగో, ఆ పిట్టగోడ మొదలు చూడండి. నెర్రె. ఆ తూములో చూడండి, వేపాకంతా పేరుకుపోయి నీళ్ళు నిలబడ్డయి. ఇరవై ఆరేళ్ళనుంచీ భాద్రపదంలో ఆ తూము తీస్తన్నా నేను. ఈ ఏడు తీయనిచ్చినారా? మీరు సుత్తి పుచ్చుకుని బంగారం లాంటి స్లాబు పగలగొడతా ఉంటే, అక్కడ కూర్చుని బాగుందండీ అనాల! నా తల్లి సాక్షిగా చెబుతున్నా, ఆ రోజు అన్నం దిగలా నాకు.”

తిట్టుకుంటూనే పని మొదలుపెట్టాడు. తూము తీశాడు. నెర్రె పొడుగునా లోతుగా చెక్కి, దుమ్ము కడిగి, సిమెంటు పాలు పట్టించి, చిక్కటి సిమెంటు మాలు కూరాడు. కోటిలింగం పగలగొట్టిన చోట కూడా పూడ్చాడు. మాలు వాన దెబ్బ తినకుండా పైన టార్పాలిన్ కప్పి ఇటుకలు పెట్టాడు. కోటిలింగం కళ్ళార్పకుండా చూశాడు. తాపీ ఒక్కసారి కూడా వెనక్కి వచ్చి అదే చోట తిరగలేదు. తాను సంధ్యావందనం చేసినా అంత ధ్యాసగా చేయనేమో అనిపించి కాస్త సిగ్గుపడ్డాడు.

ఆ సాయంత్రం వాన కురిసింది. చుక్క పడలేదు. గొడుగులు ఎవరివి వారికి ఇచ్చేశారు.

ఇక కొత్త చిక్కు. సి-47 ఇప్పుడు మీరాది. శేషారత్నం దీపాన్ని విడిచి ఏ-12కు పోదు. వానలు తగ్గలేదు, మళ్ళీ కారితే పని చేయడానికి ఇంట్లో యజమాని ఉండాలి. అందుకని దశమి దాకా ఇట్లాగే ఉండనిద్దామనుకున్నారు. శేషారత్నాన్ని రిజిస్టరులో మీరా గారి అతిథి అని రాసుకున్నాడు కోటిలింగం. కోళ్ళను పెరట్లో కట్టారు. బీబీజాన్ దీపం గది తుడిచి, వత్తికి దూది తీసిచ్చింది.

“అక్కా, ఇంటి యజమానురాలిని నేనే గదా ఇప్పుడు. కాఫీ నేను పెట్టియ్యనా?” అంది నవ్వుతూ.

“పెట్టు తల్లీ. అతిథిని, కాదంటే బాగుండదు,” అంది శేషారత్నం.

మర్నాడు సంకల్పం దగ్గర ఒక్క క్షణం తడబడింది. నిరుటిదాకా పూజారిగారు చెప్పించేవారు. ఇప్పుడు ఆమే చెప్పుకోవాలి. ఇంటి యజమాని పేరు చెప్పే చోట కోటిలింగం పేరు చెప్పాలా, ఆర్డరు ప్రకారం మీరా పేరు చెప్పాలా? పూజారిగారిని అడిగితే ఆయన అటూ ఇటూ చూసి “బాగుందండీ” అన్నారు. ఆమె ఆలోచించి రెండు పేర్లూ చెప్పింది. అమ్మవారు అభ్యంతరం చెప్పలేదు.

విషయం కాలనీలో పాకడానికి పూట చాలింది. పంచమి పొద్దున ఎస్టేట్ సెక్షన్ ముందు బారు తీరారు. అందరికీ నాగుల్ మీరాతోనే పరస్పర మార్పిడి కావాలి. ప్లంబర్ కోసం, ఎలక్ట్రీషియన్ కోసం కూడా విడిగా బార్లున్నాయి. కెమిస్టు కిటికీలోంచి దిగి పరుగెత్తుకొచ్చి వడ్రంగి దగ్గర మొదటివాడయ్యాడు. కోటిలింగం పద్ధతి ప్రకారం పొద్దున మార్పిడి, మధ్యాహ్నం తిరుగు మార్పిడి, మళ్ళీ ఇంకొకరితో మార్పిడి రాశాడు. పంచమి, షష్ఠి, సప్తమి, మూడు రోజుల్లో తొమ్మిది ఇళ్ళు. నాగుల్ మీరా నులకమంచం నెత్తిన పెట్టుకుని తొమ్మిది కాపురాలు పెట్టి తొమ్మిది కప్పులు బాగుచేసి వచ్చాడు.

“ఈ వయసులో ఇన్ని ఇళ్ళకు ఓనర్ని చేసినారు బాబూ,” అనేవాడు దిగుతూ. “నా నిఖా నాడు మా మామ అడిగిండు, నీకు ఇల్లుందా అని. ఇప్పుడాయన ఉంటే బాగుండు.”

ఎవరు మీరాతో మార్పిడి చేసుకుంటే ఆ పూటకు సి-47 వారిదవుతుంది. వాళ్ళు వచ్చి ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు సంతకం పెట్టాలి. వచ్చేవాళ్ళు. దీపం చూసేవాళ్ళు. “మా ఇంట్లో దీపమే గదా ఈ పూటకు,” అని ఒక గరిటెడు నూనె పోయబోయి, శేషారత్నం కంగారు చూసి సీసా ఆమె చేతికే ఇచ్చి, దణ్ణం పెట్టుకుని తమ ఇళ్ళకు పోయేవాళ్ళు. నూనెకు ఆ ఏడు కొదవ లేకపోయింది.

ఇంతలో జనరల్ మేనేజరు గారి బంగళా కారింది. ఆయన తన సంకల్పానికి తానే ఆదర్శం కావాలని స్వయంగా కప్పెక్కి, స్వయంగా మరమ్మతు చేసి, స్వయంగా ఫోటో దిగారు. ఆ ఫోటో ఆఫీసు గోడలన్నిటి మీదా ఉంది. సప్తమి రాత్రి వానకు పడకగది సీలింగు ఒక ముక్క ఊడి మంచం మీద పడింది. అదృష్టం కొద్దీ దంపతులు అప్పుడు ముందుగదిలో బకెట్లు సర్దుతున్నారు. అష్టమి పొద్దున్నే అమ్మగారు బెజవాడలో చెల్లెలి ఇంటికి బస్సెక్కారు. వెళ్ళేముందు ఏదో అన్నారట. ఏమన్నారో డ్రైవరు చెప్పలేదు, నవ్వాడంతే.

పదింటికి సర్వోత్తమరావు గారు కోటిలింగాన్ని పిలిపించారు. తలుపు దగ్గరగా వేయించారు.

“ఏమయ్యా, ఆ మార్పిడి ఏదో... దరఖాస్తు నమూనా ఉందా?”

“ఉంది సార్. తెచ్చాను సార్.”

అదే పూట పరాంకుశం గారు కూడా ఒక స్పష్టీకరణ పట్టుకొచ్చారు. జనం సంతకాలు పెట్టి ఇళ్ళలో ఉండటం లేదని ఆయన కనిపెట్టారు. ‘మార్పిడి పొందిన నివాసి సదరు ఇంట మూడు పూర్తి దినములు స్వయముగా నివసించవలెను. ఉల్లంఘించినచో ఉన్న ఇల్లు కూడా రద్దు.’ రెండు కాగితాలూ ఒకే ఫైలులో వెళ్ళాయి. సర్వోత్తమరావు గారికి మంచం మీది సీలింగే కళ్ళలో మెదులుతోంది. రెంటి మీదా సంతకం పెట్టేశారు.

నాగుల్ మీరాకు బంగళా వచ్చింది. అతని పదకొండో కాపురం. బీబీజాన్ కోళ్ళను చంకన పెట్టుకుని బంగళా గేటు దాటుతుంటే కాపలా మనిషి సెల్యూట్ చేశాడు. జనరల్ మేనేజరు గారు మాత్రం సూట్‌కేసు పట్టుకుని సి-47 గుమ్మంలో దిగారు. వెనకే పరాంకుశం గారు, చేతిలో సర్క్యులర్ల కట్ట.

“అమ్మా, మూడు రోజులు,” అన్నారు సర్వోత్తమరావు గారు శేషారత్నంతో, మొహమాటంగా. “మీకు ఇబ్బంది కదా?”

“మీ ఇల్లండీ. నేను అతిథిని,” అంది ఆమె. “భోజనం చేద్దురు రండి.”

ఆయన వంకాయ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. ఎక్కడా చుక్క కారని కప్పు కింద హాయిగా పడుకున్నారు.

నవమి పొద్దున పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. జనరల్ మేనేజరు గారి నివాసం కాబట్టి ప్రతి గదీ చూశారు. దీపం గదిలో ఆగారు. శేషారత్నం చిన్న పుల్లతో వత్తిని సవరించడానికి అప్పుడే కూర్చుంది. వత్తి కాలి పొట్టిదైంది, మంట చిన్నదైంది, సన్నగా పొగ లేస్తోంది.

“ఆగండమ్మా!” అన్నారు పరాంకుశం గారు. “మీరు ఎవరు?”

“అతిథినండీ.”

“అతిథి నివాసి ఇంటి పని ముట్టరాదు. నివాసి స్వయంగా ఇదే ఇంట్లో ఉండగా, ఆయన కళ్ళ ముందే సర్క్యులరు ఉల్లంఘన జరిగిందని రేపు ఎవరన్నా అంటే? సార్! ఒక్కసారి ఇటు దయచేయండి!”

సర్వోత్తమరావు గారు పళ్ళు తోముకుంటూ వచ్చారు. సంగతి విన్నారు. నోరు కడుక్కుని, చేతులు తుడుచుకుని, దీపం ముందు కూర్చున్నారు. శేషారత్నం పుల్ల ఇచ్చింది. కోటిలింగం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్ళు. ఇంకో రెండు పగళ్ళూ ఒక రాత్రీ.

“ఎట్లా చేయాలమ్మా?” అన్నారు ఆయన.

“సార్, సలహా కూడదు,” అన్నారు పరాంకుశం గారు.

శేషారత్నం పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సర్వోత్తమరావు గారు పుల్లను వత్తి దగ్గరకు పోనిచ్చారు. మంట ఒకసారి అటు వాలింది. వెనక్కి తీశారు. మళ్ళీ పోనిచ్చారు. ఎక్కువ జరిపితే వత్తి నూనెలో మునుగుతుందని ఆయనకు తెలియదు. కానీ మునుగుతుందేమోనన్న భయం మాత్రం చేతికి తెలిసింది. బంగళా కప్పు మీద ఇదే చేత్తో ఎంత ధైర్యంగా సుత్తి ఆడించారో, ఆ తర్వాత మంచం మీద ఏం పడిందో గుర్తొచ్చినట్టుంది. మంట నీలంగా, కందిగింజంత అయింది.

ఆయన తల తిప్పకుండానే అడిగారు. “ఈ పని ఎవరికి తెలుసు?”

“నాకు తెలుసండీ,” అంది శేషారత్నం.

“అయితే మీరే చేయండి తల్లీ. త్వరగా.”

పుల్ల చేతులు మారింది. ఆమె వేళ్ళు ఎట్లా కదిలాయో చూసినవాళ్ళకు కూడా సరిగ్గా తెలియలేదు. వత్తి ఒక్క నలుసంత ముందుకు జరిగింది. కందిగింజ బాదంగింజ అయింది, పొగ ఆగింది, అమ్మవారి ముక్కుపుడక మళ్ళీ మెరిసింది. సర్వోత్తమరావు గారు గట్టిగా ఊపిరి వదిలి, కూర్చున్నవారు కూర్చున్నట్టే చేతులు జోడించారు.

“సార్,” అన్నారు పరాంకుశం గారు, కలం తీసి. “ఇది సంకల్పానికి మినహాయింపు అవుతుంది. లిఖితపూర్వకంగా ఉండాలి.”

“రాయించండి.”

“ఏమని రాయించమంటారు సార్?”

“జరిగింది రాయించండి. తెలిసినవాళ్ళు చేశారని.”

మధ్యాహ్నం కోటిలింగం టైపు మిషను ముందు కూర్చున్నాడు. పరాంకుశం గారు పచార్లు చేస్తూ చెప్పారు. “స్వహస్త సంకల్పమునకు లోబడి, దీపపు వత్తి సవరించుట మరియు తత్సమానమైన పనులు తెలిసినవారిచే చేయించుకొనవచ్చును.” చెప్పి, టీ తాగడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కాగితం మూడు పేజీలైంది. కోటిలింగం తత్సమానమైన పనులకు వివరణ జత చేశాడు. స్లాబులు, పంపులు, తలుపులు, వైర్లు, తూములు, క్షౌరం, సంకల్పం చెప్పించుట.

పరాంకుశం గారు కనుబొమలు ఎగరేశారు. “ఏమయ్యా, వత్తికీ స్లాబుకీ సామ్యం ఏమిటి?”

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో పై అధికారికి ఎదురుచెప్పని కోటిలింగం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నాకూ తెలియదు సార్. తెలిసినవాళ్ళను అడుగుదాం. జీఎం గారు సి-47లోనే ఉన్నారు, ఫోన్ కలపనా?”

పరాంకుశం గారు మూడు పేజీలనూ ఇంకోసారి చూసి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టారు.

దశమి సాయంత్రం దీపం ముందు కొబ్బరికాయ కొట్టి, పూజారిగారు గొంతెత్తి ఆపకుండా మంత్రాలు చదువుతుంటే, శేషారత్నం అమ్మవారిని సాగనంపింది. కాలనీ మగవాళ్ళు మంగలి షాపునుంచి టోపీలు చేత పట్టుకుని వచ్చారు. నాగుల్ మీరా మాత్రం రాలేకపోయాడు. బంగళా పడకగదిలో నిచ్చెన మీద ఉన్నాడు. కింద కోళ్ళకు గింజలు చల్లుతున్న బీబీజాన్‌తో కబురు పంపించాడు. అమ్మగారు బెజవాడనుంచి వచ్చే లోపల ఈ సీలింగు కానివ్వాలని, ప్రసాదం ఉంచమని.